వేళ్లని అడగండి

వెనక వరసల్లో అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎమ్‌లు కనిపిస్తున్నారు. నిజానికి ఈ ఉపన్యాసం మీకోసమే. ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండమ్మా.

మలికిపురంలో డ్రిల్లు మాస్టారు అంటే చాలు, ఇంక ఇంటిపేరూ ఒంటిపేరూ అక్కర్లేదు. నాకు మాత్రం ఆయన పేరు పలకడం కొత్తగా ఉంటుంది, కాబట్టి మాస్టారనే అంటాను. ఆయన మాకు కబడ్డీ నేర్పారు, ఈత నేర్పారు, వరసలో నిలబడటం నేర్పారు. వాటన్నిటికంటే నాకు గుర్తుండిపోయింది ఆయనకున్న ఒక అలవాటు. మైదానంలో పిల్లాడు పడ్డాడంటే అందరూ పరిగెత్తుకెళ్లి మోచెయ్యి చూసేవారు, మోకాలు చూసేవారు. మాస్టారు మాత్రం దెబ్బ తగిలిన చోటు చూడకముందే, "ఏదీ, వేళ్లు ఆడించు నాన్నా" అనేవారు. కాలికి దెబ్బైతే బొటనవేలు పైకెత్తమనేవారు. ఆ తర్వాతే మిగతా సంగతి. వైద్య కళాశాలలో నాలుగో ఏట మా ప్రొఫెసరు గారు అదే మాట చెబుతుంటే నా చెవుల్లో మాస్టారి గొంతే వినిపించింది. ఆయనకి ఆ అలవాటు ఎక్కణ్ణుంచి వచ్చిందో కాసేపాగి చెబుతాను.

ఇవాళ నేను చెప్పదలచింది ఒకటే. దెబ్బ తగిలిన పిల్లల విషయంలో మన కళ్లన్నీ ఎముక మీదే ఉంటాయి. పిల్లల ఎముక మంచిది, దాదాపు ఎప్పుడూ అతుక్కుంటుంది. చెయ్యి పనికొస్తుందా రాదా అన్నది తేల్చేది నరం. ఆ నరం సంగతి మొదటి గంటలో వేళ్లని అడిగితే తెలుస్తుంది. అడగకపోతే నెలల తర్వాత తెలుస్తుంది. ఈ రెంటికీ మధ్య ఉన్న తేడాయే ఒక పిల్లవాడి చెయ్యి.

1. నరం అనే మాట

ముందు మన మాటతోనే మొదలుపెడతాను. తెలుగులో నరం అంటే ఏమిటి? సెలైన్ ఎక్కించడానికి నరం దొరకలేదంటాం, అక్కడ నరమంటే రక్తనాళం. పిక్క నరం పట్టేసిందంటాం, అది కండరం. కత్తి తగిలి నరం తెగింది, వేలు ముడుచుకోవడం లేదంటాం, అది చాలాసార్లు కండని ఎముకకి కలిపే తాడు. నరాల బలహీనత అంటే ఇంకేదో. పోనీ పుస్తకాల్లోలాగా నాడి అందామా అంటే, నాడి పట్టి చూడటమంటే మనకి గుండె కొట్టుకోవడం చూడటమే.

ఇది పండితుల చర్చ కాదండీ. దీనివల్ల చేతులు పోతున్నాయి. పిల్లాడు గాజుసీసా మీద పడ్డాడు, మణికట్టు తెగింది, రక్తం కారింది. "నరం తెగింది, కుట్టేశారు" అని తల్లి చెబుతుంది. కుట్టింది చర్మాన్ని. ఆపింది రక్తాన్ని. లోపల స్పర్శనీ కదలికనీ మోసే తీగ తెగి, రెండు కొసలూ దూరంగా జరిగి అలాగే ఉండిపోయింది. తల్లి అబద్ధం చెప్పలేదు, కుట్టినవారూ అబద్ధం చెప్పలేదు. ఒకే మాట కింద మూడు వస్తువులు దాక్కున్నాయి. అందుకని మీరు రాసే చీటీల్లో నరం అని ఊరుకోకండి. "స్పర్శ ఉంది", "స్పర్శ లేదు", "వేలు కదులుతోంది", "కదలడం లేదు" అని రాయండి. ఈ సాయంత్రం నేను నరం అన్నప్పుడల్లా ఆ స్పర్శనీ కదలికనీ మోసే తీగ గురించే అంటున్నానని గుర్తుపెట్టుకోండి.

2. పిల్లవాడు చెప్పడు

పెద్దవాడైతే చెయ్యి తిమ్మిరెక్కింది, మొద్దుబారింది అంటాడు. నాలుగేళ్ల పిల్లకి మొద్దుబారడం అనే మాటే తెలీదు. ఏడుస్తుంది, అంతే. విరిగిన చోటు నొప్పికి ఏడుస్తోందో, నరం నలిగి ఏడుస్తోందో ఏడుపులో తేడా ఉండదు. స్పర్శ పోయిన వేలు అసలు నొప్పే పెట్టదు, కాబట్టి దాని గురించి ఎవరూ ఏడవరు.

అయితే పిల్లలకి ఆటలొచ్చు. రాయి, కాగితం, కత్తెర మీ అందరికీ తెలుసు కదా. మోచేతి దగ్గర విరిగిన పిల్లల్ని ఇప్పుడు చాలాచోట్ల ఆ ఆటతోనే పరీక్షిస్తున్నారు. పిడికిలి బిగించి రాయి చూపిస్తే అరచేతి మధ్యకి వచ్చే నరం పని చేస్తోంది. మణికట్టు పైకెత్తి వేళ్లు చాచి కాగితం చూపిస్తే చేతి వెనక నుంచి వచ్చే నరం బాగుంది. రెండు వేళ్లు విడదీసి కత్తెర చూపిస్తే చిటికెన వేలి వైపు నరం బాగుంది. నాలుగోది మనం కలపాలి: బొటనవేలి కొసా చూపుడువేలి కొసా కలిపి గుండ్రంగా సున్నా చుట్టమనాలి. మోచేతి పైన ఎముక విరిగి పక్కకి జరిగిన పిల్లల్లో అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతినేది ఈ సున్నాని చుట్టే సన్నని కొమ్మే. అది పోతే సున్నా బదులు బాతుముక్కులా పల్చగా వస్తుంది. దానికి స్పర్శతో సంబంధం లేదు కాబట్టి సూదితో గుచ్చి చూస్తే దొరకదు, సున్నా చుట్టించి చూస్తేనే దొరుకుతుంది. ఇలా జరిగిన ప్రతి పదిమంది పిల్లల్లో ఒకరికైనా ఏదో ఒక నరానికి దెబ్బ ఉంటుంది. వారిలో ఎక్కువమందికి కొన్ని నెలల్లో దానంతటదే బాగవుతుంది, కంగారు పడకండి. కానీ కట్టు కట్టకముందే చూసి, రాసి పెట్టి ఉండాలి. లేకపోతే పడినప్పుడు పోయిందా, కట్టులో పోయిందా, ఆపరేషన్‌లో పోయిందా అన్నది ఇంకెవరూ చెప్పలేరు.

ఆట కూడా రాని పసివాళ్లకి ఇంకో పరీక్ష ఉంది. అది మన కోనసీమ కోసమే పుట్టిందా అనిపిస్తుంది. కాలవలో గంటసేపు ఈత కొట్టి బయటికొస్తే వేళ్లు ఎలా ఉంటాయి? నాని, ముడతలు పడి, ముసలమ్మ వేళ్లలా ఉంటాయి. చర్మం నీళ్లు పీల్చుకుని ముడుచుకుంటుందని మనం అనుకుంటాం. అది కాదు. నరం ఆజ్ఞ ఇస్తే వేలికొసలోని రక్తనాళాలు బిగుసుకుని, చర్మాన్ని లోపలికి లాగుతాయి. నరం తెగిన వేలు ఎంత నానినా నున్నగానే ఉంటుంది. 1973లో ఓ'రియైన్ అనే వైద్యుడు దీన్ని పరీక్షగా ప్రకటించారు. గోరువెచ్చని నీళ్లు, అరగంట సమయం, చూసే కళ్లు ఉంటే చాలు. గాయం మానాక చెయ్యవలసిన పరీక్ష ఇది, పచ్చిగాయాన్ని నీళ్లలో పెట్టకండి.

3. కాలవ, గండి

ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట కట్టిస్తున్న రోజుల్లోనే, 1850లో, లండన్‌లో వాలర్ అనే వైద్యుడు కప్ప నాలుక నరాలు కోసి సూక్ష్మదర్శినిలో చూశారు. తెగిన చోటికి అవతలి భాగమంతా కొద్ది రోజుల్లో ముక్కలైపోయింది. నరానికి ప్రాణం మొదట్లో ఉందని, కొసలో లేదని అలా తెలిసింది. ఆ ఆనకట్ట 1852లో పూర్తయింది, మన పొలాలకి నీళ్లొచ్చాయి. ఈ రెండు సంగతులూ ఒకే కాలానివి కావడం యాదృచ్ఛికమే, కానీ నరాన్ని కాలవతో పోల్చి చెబితే మన ఊళ్లో అర్థం కానివారుండరు.

కాలవకి మూడు రకాల కష్టాలొస్తాయి. మొదటిది, గుర్రపుడెక్క అడ్డం పడింది. గట్టు బాగుంది, నీళ్లూ ఉన్నాయి, ముందుకి పోవడం లేదు. డెక్క తీస్తే పారుతుంది. నరం నలిగినప్పుడు జరిగేది ఇదే, రోజుల్లోనో వారాల్లోనో కోలుకుంటుంది. రెండోది, గట్లు నిలిచి ఉన్నాయి కానీ నీళ్లు పూర్తిగా ఎండిపోయాయి. పైనుంచి మళ్లీ వదిలితే అదే దారిన మెల్లగా వస్తాయి, నెలలు పడుతుంది. మూడోది గండి. గట్టే తెగిపోయింది. ఎన్ని నీళ్లు వదిలినా పొలం దాకా రావు, ఎవరైనా వెళ్లి గండి పూడ్చాలి. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికుల్ని చూసి సెడ్డన్ అనే శస్త్రవైద్యుడు 1943లో నరాల దెబ్బల్ని సరిగ్గా ఇలాగే మూడు రకాలుగా విడదీశారు. ఇవాళ్టికీ మేం వాడేది అదే.

చిక్కేమిటంటే, మొదటి రోజున మూడూ ఒకేలా కనిపిస్తాయి. వేలు ఆడదు, అంతే. అందుకే కత్తో గాజో తెగ్గోసిన గాయమైతే గండి అనే అనుకుని వెంటనే, రోజుల్లోనే, తెరిచి చూసి కుట్టాలి. పడి విరిగినప్పుడైతే కొంత ఆగవచ్చు. మూడు, నాలుగు వారాలకి విద్యుత్ పరీక్ష చెయ్యవచ్చు. మూడు నెలలైనా ఉలుకూ పలుకూ లేకపోతే ఇంక ఆగకూడదు.

ఎందుకు ఆగకూడదో వినండి, ఇది ముఖ్యం. నరం తిరిగి పెరిగే వేగం రోజుకి సుమారు 1 మిల్లీమీటరు. పిల్లల్లో కాస్త ఎక్కువ. కొబ్బరిచెట్టు నెలకో మట్ట వేస్తుంది చూడండి, నరం నెలకో అంగుళం వేస్తుంది. పదేళ్ల పిల్లవాడికి మోచేతి దగ్గర తెగితే, అరచేతిలోని చిన్న కండరాల దాకా పావు మీటరు దూరం, అంటే 250 రోజుల ప్రయాణం. అవతల కండరం ఎంతకాలం ఎదురుచూస్తుంది? ఏడాది, మహా అయితే ఏడాదిన్నర. ఆ తర్వాత నరం వచ్చి తలుపు తట్టినా కండరం తియ్యదు. దాని స్థానంలో కొవ్వూ నారా చేరిపోయి ఉంటాయి. ఆర్నెల్లు "చూద్దాం, చూద్దాం" అంటూ గడిపి, తర్వాత కుడితే లెక్క సరిపోదు.

మోటారు సైకిలు ప్రమాదంలో మెడకీ భుజానికీ మధ్య నరాల జడ తెగిందనుకోండి. అక్కణ్ణుంచి అరచెయ్యి అర మీటరు పైనే దూరం, 500 రోజులు దాటిపోతుంది. లెక్క మొదట్లోనే ఓడిపోయింది. అలాంటప్పుడు ఏం చేస్తారు? పక్క కాలవ నుంచి తూము వేస్తారు. 1994లో పారిస్‌లో ఓబెర్లిన్ అనే శస్త్రవైద్యుడు, బాగున్న చిటికెనవేలి నరంలోంచి ఒక చిన్న పాయని తీసి, మోచెయ్యి మడిచే కండరం నరానికి దాని పక్కనే కలిపారు. దూరం కొన్ని సెంటీమీటర్లే, కాబట్టి నీళ్లు వేళకి చేరతాయి. కోయంబత్తూరు గంగా ఆస్పత్రిలాంటి చోట్ల ఈ రకం శస్త్రచికిత్సలు చేస్తున్నారు. కానీ పిల్లవాడు ఆర్నెల్లలోపు అక్కడికి చేరాలి. దారి దూరం కాదు, తెలియడమే ఆలస్యం.

4. కట్టు

ఇప్పుడు మాస్టారి అలవాటు సంగతి. మా అన్నయ్య ఇక్కడే కూర్చున్నాడు. చెప్పమన్నాడు కాబట్టి చెబుతున్నాను.

1971 ఏప్రిల్లో, తొమ్మిదేళ్లవాడు, మామిడిచెట్టు మీంచి పడ్డాడు. కుడి మోచెయ్యి పైన విరిగింది. కట్టు కట్టే తాత దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన ఆ చుట్టుపక్కల వందల కట్లు కట్టినవాడు, డబ్బు ఆశ లేనివాడు. కోడిగుడ్డు సొన పట్టించి, వెదురుబద్దలు పేర్చి, గుడ్డతో బిగించి కట్టాడు. రాత్రంతా అన్నయ్య అరుపులు. వేళ్లు ఎవరైనా ముట్టుకుని చాపితే ప్రాణం పోయినట్టు కేక. మా నాయనమ్మ, "బిగువుగా ఉంది కాబట్టే ఎముక అతుకుతుంది, ఓర్చుకో నాన్నా" అంది. రెండో రోజు అరుపు తగ్గింది. ఇంట్లో అందరూ సంతోషించారు. మూడో రోజు వేళ్లు నల్లబడితే చించినాడ రేవులో పంటు దాటించి ఆస్పత్రికి తీసుకెళ్లారు. కట్టు విప్పారు. కొన్ని వారాలకి ఎముక చక్కగా అతుక్కుంది. చెయ్యి మాత్రం పక్షి గోళ్లలా లోపలికి ముడుచుకుని అలాగే గట్టిపడిపోయింది.

దీనికి ఫోక్‌మన్ పేరు పెట్టారు. జర్మనీలోని హాలె నగరంలో శస్త్రవైద్యుడు, 1881లో దీన్ని వివరించారు. ఆయన యుద్ధశిబిరంలో కూర్చుని పిల్లల కోసం కథలు రాసిన రచయిత కూడా, వేరే పేరుతో. పిల్లల కోసం కథలు రాసిన మనిషే పిల్లల చెయ్యి ముడుచుకుపోయే రోగాన్ని కనిపెట్టారని చదివినప్పుడు నేను పుస్తకం మూసేసి చాలాసేపు కూర్చున్నాను.

లోపల జరిగేది ఇది. విరిగిన చెయ్యి మొదటి రెండు రోజులు వాస్తుంది. బయట కట్టు సాగదు, లోపల వాపు ఆగదు. కండరాలకీ నరాలకీ రక్తం అందదు. ఆరు గంటలు దాటితే కండరం చావడం మొదలవుతుంది. మణికట్టు దగ్గర నాడి కొట్టుకుంటూనే ఉండవచ్చు, కాబట్టి దాన్ని చూసి నిశ్చింతగా ఉండకండి. పిల్లవాడు అంతకంతకీ కంగారు పడుతున్నా, మందు వేసినా నొప్పి పెరుగుతూనే ఉన్నా, వేలు చాపితే కేక పెట్టినా కట్టు విప్పాల్సిందే, అర్ధరాత్రైనా సరే. అరుపు తగ్గడం శుభం కాదు, నరం మూగబోయిందని అర్థం. నాటుకట్టులోనే కాదు, ఆస్పత్రి పిండికట్టులోనూ ఇది జరుగుతుంది. ఎవరు కట్టారన్నది కాదు, కట్టిన రాత్రి ఎవరు చూశారన్నదే ప్రశ్న.

జూన్‌లో బడి తెరిచాక, అన్నయ్య ఎడం చేత్తో అక్షరాలు దిద్దడం మాస్టారు చూశారు. అంతా అడిగి తెలుసుకున్నారు. ఆదివారం ఆ తాత దగ్గరికి వెళ్లారు. మా ఇంట్లోవాళ్లు గొడవ అవుతుందేమోనని భయపడ్డారు. ఇద్దరూ సాయంత్రం దాకా అరుగు మీదే కూర్చున్నారు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు. ఆ తర్వాత ఆ తాత కట్టే కట్టు మారింది. దూది దట్టంగా పరిచి, బద్దలు చుట్టూ కాకుండా ఒకవైపే పెట్టి, వేళ్లు బయటికి కనపడేలా కట్టేవాడు. గోరు నొక్కి వదిలితే ఎరుపు వెంటనే తిరిగొస్తోందో లేదో రాత్రి మళ్లీ వచ్చి చూసేవాడు. మోచెయ్యి అయితే తాను ముట్టుకునేవాడు కాదు, పంటు ఎక్కించేసేవాడు. నాటువైద్యం గురించి నన్నెవరైనా అడిగితే, తిట్టడానికి ముందు నాకు ఆ అరుగు గుర్తొస్తుంది.

5. ఎక్స్‌రేలో కనపడనివి

రెండు సంగతులు త్వరగా చెప్పి ముందుకెళతాను.

పిల్లల వెన్నెముక మెత్తన. కొబ్బరిచెట్టు మీంచో డాబా మీంచో పడితే అది వంగి, సాగి, మళ్లీ యథాస్థానానికి వచ్చేస్తుంది. లోపలి వెన్నుపాము మాత్రం అంత సాగలేదు. ఎక్స్‌రే శుభ్రంగా ఉండి కాళ్లు పడిపోయిన పిల్లలున్నారు. 1982లో పాంగ్, విల్‌బర్గర్ అనే ఇద్దరు వైద్యులు దీన్ని ప్రత్యేకంగా గుర్తించి పేరు పెట్టారు. పడ్డప్పుడు కాళ్లు ఒక్క నిమిషం తిమ్మిరెక్కి మళ్లీ బాగయ్యాయని పిల్లవాడు చెబితే, ఆ ఒక్క నిమిషాన్ని నమ్మండి. మెడ కదలనివ్వకుండా బల్ల మీద పడుకోబెట్టి 108 పిలవండి. చంకలకింద చేతులేసి లేపి కూర్చోబెట్టి మంచినీళ్లు పట్టకండి.

రెండోది, ఇంజెక్షన్. బక్కచిక్కిన పసివాడి పిరుదుల్లో సూది కాస్త లోపలికి దిగితే కాలి పెద్ద నరానికి తగులుతుంది, పాదం వేలాడిపోతుంది. పసివాళ్లకి తొడ బయటివైపే ఇవ్వాలి. పోలియో రోజుల్లో జ్వరమొచ్చిన పిల్లలకి సూదులు పొడిచి, ఏ కాలికి పొడిచారో ఆ కాలికే పక్షవాతం తెప్పించిన దారుణం మన పల్లెలన్నిటిలో జరిగింది. విశాఖపట్నంలో డాక్టర్ సుంకర వెంకట ఆదినారాయణరావుగారు అలాంటి కాళ్లని శిబిరాల్లో సరిచేస్తూ జీవితం గడిపారు. 2022లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. 2014 మార్చి 27న మన దేశం పోలియో లేని ప్రాంతంలో భాగమని ధ్రువీకరించారు. పోలియో పోయింది. అవసరం లేని సూది ఇంకా పోలేదు.

6. ఎదురుచూసే నెలలు

నరం కుట్టడం రెండు, మూడు గంటల పని. మిగతా ఏడాది ఇంట్లోవాళ్లది. నరం వచ్చేలోగా కీళ్లు బిగుసుకుపోకూడదు, కాబట్టి రోజుకి మూడు పూటలా ప్రతి వేలినీ మెల్లగా పూర్తిగా మడిచి చాపాలి. స్పర్శ లేని వేలు వేడిగిన్నె మీద ఆనినా పిల్లకి తెలీదు. పసివాళ్లయితే ఆ వేళ్లని కొరికేసుకుంటారు. స్పర్శ తిరిగి వస్తున్నప్పుడు చీమలు పాకినట్టు, సూదులు పొడిచినట్టు ఉంటుంది. అది మంచి కబురని పిల్లకి ముందే చెప్పి పెట్టాలి. బడిలో టీచర్లు రెండో చేత్తో రాయనివ్వాలి, సమయం ఎక్కువ ఇవ్వాలి. నరం రాకపోయినా అంతా అయిపోయినట్టు కాదు. బాగున్న కండరాన్ని పోయిన కండరం పనికి మళ్లించే శస్త్రచికిత్స ఉంది. వెల్లూరులో పాల్ బ్రాండ్ కుష్ఠురోగుల చేతుల్ని అలా తిరిగి తెరిపించారు. మా అన్నయ్యకి ఇరవై ఏళ్లు దాటాక అక్కడే కొంత చేశారు. ఇప్పుడు కుడి చేత్తో గ్లాసు పట్టుకుంటాడు. కొబ్బరి లెక్కలు మాత్రం ఎడం చేత్తోనే రాస్తాడు.

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లల్ని అంగన్‌వాడీల్లో, బడుల్లో చూస్తారు. ఆ బృందం వచ్చినప్పుడు పిల్లలందరి చేతా రాయి, కాగితం, కత్తెర, సున్నా ఆడించండి. ఒక్క నిమిషం పడుతుంది.

చివరగా ఒక అమ్మాయి సంగతి. సముద్రం వైపు పల్లె, ఎనిమిదేళ్ల పిల్ల. సీసా పగిలి మణికట్టు తెగితే దగ్గర్లో ఎక్కడో కుట్లు వేయించారు. గాయం మానింది. నెల తర్వాత రేవులో బట్టలుతుకుతూ, పక్కనే నీళ్లాడుతున్న కూతురి చెయ్యి చూసింది తల్లి. చిటికెన వేలు ముడతలు పడింది. ఉంగరపు వేలు ఒకవైపు ముడత, ఒకవైపు నున్నన. మధ్యవేలు, చూపుడువేలు, బొటనవేలు అద్దంలా ఉన్నాయి. ఆ తల్లికి నరాల పటం తెలీదు. ఏ పుస్తకంలోనూ అంతకంటే స్పష్టంగా గీసిన పటం నేను చూడలేదు. మర్నాడే బస్సెక్కి వచ్చింది. తెరిచి, కొసలు వెతికి, కుట్టాం. రోజుకి 1 మిల్లీమీటరని చెప్పాను. గోడ మీది వెంకట్రామా క్యాలెండరులో రోజుకో గీత గీస్తానంది.

ఐదు నెలల పైన, ఒక ఆదివారం పొద్దున్నే ఫోను. వెనకాల కాలవలో పిల్లల గోల వినిపిస్తోంది.

"నానిందండి డాక్టరుగారూ."

ఏ వేలమ్మా అన్నాను.

"చూపుడు వేలండి. కిందనుంచి సగందాకా వచ్చిందండి. పైసగం ఇంకా నున్నగానే ఉంది."